మందుల షాపులో దొరికే పొట్ట మందులు: ఏది దేనికి, ఎన్ని రోజులు, ఎప్పుడు గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి

"గ్యాస్‌కి ఏదైనా ఇవ్వండి" అని మందుల షాపులో అడిగితే ఈనో నుంచి పాన్ 40 దాకా ఏదైనా చేతికి రావచ్చు. చిక్కంతా ఆ గ్యాస్ అనే మాటలోనే ఉంది. గుండెల్లో మంటనీ గ్యాస్ అంటాం, పుల్లటి తేన్పులనీ గ్యాస్ అంటాం. రెండు ముద్దలు తినగానే పొట్ట నిండిపోవడం, సాయంత్రానికి ఉబ్బరం, మోషన్ సాఫీగా రాకపోవడం, చివరికి గుండెపోటు నొప్పి కూడా మన ఇళ్లలో గ్యాసే. కౌంటర్ మీదున్న ఒక్కో మందు మాత్రం వీటిలో ఒకదానికో రెండింటికో పనిచేస్తుంది. అందుకే ఇక్కడ ప్రతి మందునీ మూడు ప్రశ్నలతో తూచాం: ఏ బాధకి, ఎన్ని రోజులకి, ఎక్కడ బెడిసికొడుతుంది.

ఈనో

5 గ్రాముల పొట్లంలో ఉండేది ప్రధానంగా వంట సోడా, నిమ్మ ఉప్పు, కొంచెం సోడియం కార్బొనేట్. నీళ్లలో వేయగానే పొంగుతుంది, తాగగానే కడుపులోని ఆమ్లాన్ని విరుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ పుట్టి పెద్ద తేన్పు వస్తుంది. ఆ తేన్పుతో "గ్యాస్ పోయింది" అనిపిస్తుంది. నిజానికి ఆ గాలిలో ఎక్కువ భాగం పొట్లంలోంచి వచ్చిందే. పెళ్లి భోజనం తర్వాత మంటకి త్వరగా పనిచేసేది ఇదే, అందులో అనుమానం లేదు. కానీ ఆ ఉపశమనం ఎంతోసేపు నిలవదు. కడుపు మళ్లీ ఆమ్లం ఊరుస్తుంది. ఉబ్బరానికి మాత్రం ఇది సరైన మందు కాదు, గాలికి గాలి కలిపినట్టే.

పొట్లం మీద చూడాల్సింది సోడియం. ఒక్క పొట్లంలో సుమారు 850 మిల్లీగ్రాములు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ కలిపి చెప్పే హద్దు 2,000 మిల్లీగ్రాములు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు తినే ఇంట్లో దాని మీద రోజుకి రెండు పొట్లాలంటే బీపీ మందు పనిని చెడగొట్టుకోవడమే. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, లివర్ జబ్బుతో పొట్టలో నీరు చేరినవాళ్లు దీన్ని ముట్టకూడదు. మిగిలినవాళ్లకి ఎప్పుడో ఒకసారికి మంచిదే, వారంలో మూడుసార్లు అవసరపడుతుంటే మందు మార్చాలి.

జెలుసిల్, డైజీన్ లాంటి యాంటాసిడ్లు

అప్పుడప్పుడూ వచ్చే మంటకి మా మొదటి ఎంపిక ఇవి. అల్యూమినియం, మెగ్నీషియం లవణాలు ఆమ్లాన్ని విరుస్తాయి, సిమెథికోన్ చిన్న చిన్న గాలి బుడగల్ని కలిపి బయటికి పంపుతుంది. మెగ్నీషియం మోషన్స్ చేస్తుంది, అల్యూమినియం మలాన్ని బిగిస్తుంది. రెండూ కలిపింది అందుకే. ఒకదాని దోషాన్ని ఇంకొకటి సరిచేస్తుంది.

చాలామంది వీటిని తప్పు వేళలో వాడతారు. ఖాళీ కడుపుతో తాగితే అరగంటలో కిందికి జారిపోతుంది. భోజనమైన గంటకి తీసుకుంటే రెండు మూడు గంటలు పనిచేస్తుంది. మాత్రైతే బాగా నమిలి మింగాలి, గుటుక్కున మింగేస్తే సగం ఫలితమే. సిరప్పైతే సీసా బాగా కుదపాలి, మందంతా అడుగుకి దిగిపోయి ఉంటుంది.

థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు వాడేవాళ్లకో జాగ్రత్త. యాంటాసిడ్ వీటిని పట్టేసుకుని ఒంటికి పట్టకుండా చేస్తుంది. థైరాయిడ్ మాత్రకీ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. "మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగడం లేదు" అనేవాళ్లలో కొందరి సమస్య ఈ సీసాలోనే ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు అడగకుండా వాడకూడదు.

మ్యూకెయిన్‌లో వీటితోపాటు మొద్దుబార్చే మందు ఆక్సెటకైన్ కూడా ఉంది. పుండు నొప్పిని బాగానే తగ్గిస్తుంది, అదే దాని ప్రమాదం కూడా. నొప్పి తెలియకపోయినా పుండు అక్కడే ఉంటుంది. గావిస్కాన్ తీరు వేరు. అది కడుపులోని ఆహారం మీద నురుగు తెట్టులా తేలి ఆమ్లాన్ని గొంతులోకి ఎగదన్నకుండా అడ్డుకుంటుంది. పడుకోగానే పుల్లటి నీళ్లు నోట్లోకి వచ్చేవాళ్లకి భోజనం తర్వాత, పడుకునే ముందు ఇదే మేలు.

పాన్ 40, ఒమెజ్, రాజో: అన్నింటికంటే మంచి మందు, అన్నింటికంటే తప్పుగా వాడే మందు

ఆమ్లాన్ని తగ్గించే ఇలాంటి మందులు రాకముందు కడుపులో పుండంటే చాలాసార్లు ఆపరేషన్ దాకా వెళ్లేది. ఇప్పుడు ఎక్కువ పుళ్లు మాత్రలతోనే మానుతున్నాయి. అంత గొప్ప మందు. అయితే వాడే తీరు తెలియక చాలామంది దీన్ని వృథా చేస్తున్నారు, ఇంకా చాలామంది ఏళ్ల తరబడి ఊరికే మింగుతున్నారు.

ఇది కడుపులో ఉన్న ఆమ్లాన్ని విరవదు. ఆమ్లాన్ని తోడే పంపుల్ని మూసేస్తుంది, అదీ అప్పుడు పనిచేస్తున్న పంపుల్ని మాత్రమే. పంపులు పనిలోకి దిగేది తిండి తిన్నప్పుడు. అందుకే టిఫిన్‌కి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకున్నా, వేసుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోయినా మందు పని తగ్గిపోతుంది. మాత్రని విరవకూడదు, నూరకూడదు. పైపూత పోతే కడుపులోని ఆమ్లమే మందుని నాశనం చేస్తుంది. పూర్తి ప్రభావం కనిపించడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది కనుక మంట పుట్టినప్పుడు ఒకటి వేసుకుని "పనిచేయలేదు" అనడం సరికాదు. అప్పటికి కావాల్సింది యాంటాసిడ్.

చీటీ మీద అమ్మాల్సిన మందే అయినా అడిగితే ఇచ్చే షాపులు చాలానే ఉన్నాయి. డాక్టర్ చెప్పకుండా వాడితే 14 రోజులే హద్దు. డాక్టర్ రాస్తే మామూలుగా 4 నుంచి 8 వారాలు. ఆ తర్వాతా కావాల్సినవాళ్లు ఉంటారు: కడుపులో పుండు నుంచి రక్తం పోయినవాళ్లు, అన్నవాహిక బాగా పుండు పడినవాళ్లు, స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడేవాళ్లు, కీళ్లవాతానికి రోజూ నొప్పి మాత్ర వేసుకునే పెద్దవాళ్లు. వీళ్లు ఇది చదివి మందు ఆపేయకండి. పైగా క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకి ఒమెప్రజోల్ (ఒమెజ్) కంటే పాంటోప్రజోల్ (పాన్ 40) నయం, ఒమెప్రజోల్ దాని పనిని తగ్గిస్తుంది.

ఏ కారణమూ లేకుండా ఏళ్లు వాడితే బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. ఆమ్లం లేని కడుపులో క్రిములు సులువుగా దాటుతాయి కాబట్టి పేగు ఇన్ఫెక్షన్ల అవకాశం పెరుగుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ కూడా వాడుతుంటే బి12 మీద దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది. అరికాళ్ల తిమ్మిర్లుంటే బి12 చూపించుకోవాలి.

మానలేకపోవడానికి ఇంకో కారణముంది. నెలల తరబడి మూసి ఉంచిన పంపులు మందు ఆపగానే రెట్టింపు జోరుతో తోడతాయి. కొన్ని వారాలు మంట మునుపటికంటే ఎక్కువే ఉండవచ్చు. "చూశావా, మాత్ర లేకపోతే బతకలేను" అని మళ్లీ మొదలుపెడతారు. అది జబ్బు తిరగబెట్టడం కాదు, మందు ఆపిన తీరు. డాక్టర్‌తో మాట్లాడి 40ని 20 చేసి రెండు వారాలు, తర్వాత రోజు విడిచి రోజు, మధ్యలో మంటొస్తే యాంటాసిడ్, ఇలా దించితే చాలామంది బయటపడతారు.

పాన్-డి సంగతి విడిగా చెప్పాలి. అందులో పాంటోప్రజోల్‌తో పాటు 30 మిల్లీగ్రాముల డాంపెరిడోన్ ఉంటుంది. అది వాంతి, వికారం ఆపే మందు. గుండె లయని దెబ్బతీసే గుణం ఉంది కనుక యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2014లోనే పెద్దవాళ్లకి రోజుకి 30 మిల్లీగ్రాములు మించకూడదనీ, మామూలుగా వారం దాటకూడదనీ చెప్పింది. మన ఇళ్లలో దీన్ని మూడేళ్లు, ఐదేళ్లు వాడినవాళ్లున్నారు. క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు లాంటివి తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. వికారం లేనివాళ్లకి ఆ "డి" అక్కర్లేదు.

రాన్‌టాక్, జినటాక్ పేర్లతో వచ్చే, ఆమ్లం ఊరడాన్ని తగ్గించే పాత తరగతి మందు రానిటిడిన్‌లో క్యాన్సర్ కారకమని అనుమానించే ఎన్‌డీఎంఏ బయటపడటంతో అమెరికా 2020 ఏప్రిల్‌లో దాన్ని మార్కెట్ నుంచి తీయించింది. మన దేశం 2022లో అత్యావశ్యక మందుల జాబితా నుంచి తొలగించింది. ఆ తరగతి మందే కావాలంటే ఫామోటిడిన్ ఉంది.

ఇసబ్‌గోల్, మిగతా విరేచన మందులు

మలబద్ధకానికి సత్ ఇసబ్‌గోల్‌కి మించింది కౌంటర్ మీద లేదు. పెద్దవాళ్లకి ఒకటి రెండు చెంచాలు, ఒక పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి జిగురు కట్టకముందే గటగటా తాగాలి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు తక్కువైతే అది గొంతులోనో పేగులోనో ముద్దకట్టి అడ్డం పడుతుంది. పొడిగా నోట్లో పోసుకోవడం ప్రమాదం. మింగడం కష్టమయ్యేవాళ్లు అసలు వాడకూడదు. రెండు మూడు రోజులకి గాని ఫలితం కనిపించదు. మొదటి వారం ఉబ్బరం ఉంటుంది, అందుకే అర చెంచాతో మొదలుపెట్టి పెంచాలి. రోజూ వాడినా అలవాటు పడే మందు కాదు.

డల్కోలాక్స్ 5 మిల్లీగ్రాముల మాత్ర రాత్రి వేసుకుంటే 6 నుంచి 12 గంటల్లో పనిచేస్తుంది. ప్రయాణంలో బిగిసిన కడుపుకి మంచిది. పాలతోనో యాంటాసిడ్‌తోనో వేసుకుంటే పైపూత ముందే కరిగి కడుపులో మెలిపెడుతుంది. "ఆయుర్వేదమే కదా" అని రోజూ తీసుకునే విరేచన చూర్ణాల్లో చాలావాటిలో పనిచేసేది సునాముఖి ఆకే. డల్కోలాక్స్‌లాగే ఇదీ పేగుని కొరడాతో తోలే రకమే, పేరు మారినంత మాత్రాన పద్ధతి మారదు. రోజూ కావాల్సివస్తే లాక్టులోజ్ గాని, పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి గాని డాక్టర్ చేత రాయించుకోవడం మేలు. నొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బి గాలి కూడా పోకపోవడం, ఈ మూడూ కలిసి ఉంటే ఏ విరేచన మందూ వేయకూడదు. పేగు మూసుకుపోయి ఉండవచ్చు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఓఆర్‌ఎస్

ఇంత చవకైన మందు ఇన్ని ప్రాణాలు కాపాడటం అరుదు. పేగు గోడలో చక్కెరా ఉప్పూ జంటగా లోపలికి వెళ్లే దారి ఒకటుంది. విరేచనాలప్పుడు కూడా ఆ దారి మూసుకోదు, ఆ జంట వెంట నీరు లోపలికి వెళ్తుంది. ఆ కొలత తప్పితే పనిచేయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్.

అందుకే కలపడంలో చేసే తప్పే అసలు తప్పు. ఎలక్ట్రాల్ పెద్ద పొట్లం 21.8 గ్రాములు, దానికి సరిగ్గా ఒక లీటరు నీళ్లు. గ్లాసుకి కొంచెం కొంచెం పోసుకుంటే ఒకసారి చిక్కన, ఒకసారి పల్చన అవుతుంది. చిక్కనిది తాగితే విరేచనాలు పెరుగుతాయి, పసిపిల్లల్లో రక్తంలో ఉప్పు ప్రమాదకరంగా పెరగవచ్చు. లీటరు అక్కర్లేకపోతే 200 మిల్లీలీటర్లకి కలిపే చిన్న పొట్లం కొనండి. పాలలో, జ్యూస్‌లో కలపొద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్లకి 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి.

రెండేళ్లలోపు పిల్లలకి ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్లవాళ్లకి 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మెల్లగా పట్టాలి. వాంతి అయిందని మానేయకూడదు. ఆరు నెలలు దాటిన పిల్లలకి జింక్ 20 మిల్లీగ్రాములు, విరేచనాలు తగ్గినా 14 రోజులు ఇవ్వాలి.

పేరు చూసి మోసపోయే రోజులు చాలాకాలం నడిచాయి. పండ్ల రసం, చక్కెర నింపిన టెట్రా ప్యాక్‌ల మీద ఓఆర్‌ఎస్ అని అచ్చేసి మందుల షాపుల్లోనే అమ్మారు. ఎక్కువ చక్కెర నీటిని పేగులోకి లాగుతుంది, విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజనీ సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. మనందరం ఆవిడకి రుణపడి ఉన్నాం. అయినా కొనేముందు పొట్లం వెనక ఆ నాలుగు పదార్థాల కొలతలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమన్న మాట ఉన్నాయో లేదో చూడండి. గ్లూకోజ్ పొడి కూడా ఓఆర్‌ఎస్ కాదు.

విరేచనాలాపే లోపెరమైడ్ బస్సు ప్రయాణానికి, పెద్దవాళ్లకే. జ్వరం ఉన్నా, మలంలో రక్తం పడినా వేసుకోకూడదు, క్రిమిని లోపల బంధించినట్టవుతుంది. అడగ్గానే ఇచ్చే ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ జంట మాత్ర నీళ్ల విరేచనాల్లో ఎక్కువ వాటికి అనవసరం, వాటంతట అవే మూడు నాలుగు రోజుల్లో తగ్గుతాయి. ఆరు గంటలుగా మూత్రం లేకపోతే, కళ్లు లోతుకి పోతే, బిడ్డ ఏడ్చినా కన్నీళ్లు రాకపోతే, మత్తుగా పడి ఉంటే, బియ్యం కడిగిన నీళ్లలా ఆగకుండా పోతుంటే ఇంట్లో ఉండొద్దు.

ఎంజైమ్‌లు, ప్రోబయోటిక్‌లు

ఎంజైమ్ సిరప్పులు మామూలు అజీర్తికి పెద్దగా ఒరగబెట్టేదేమీ లేదు. యూనిఎంజైమ్‌లో బొగ్గు ఉంటుంది, మలం నల్లబడవచ్చు. ఐరన్ మాత్రా అంతే. డాక్టర్‌కి ఆ సంగతి చెప్పకపోతే రక్తం పోతోందని అనవసరపు కంగారు. ఎంజైమ్‌లు నిజంగా కావాల్సింది క్లోమం దెబ్బతిన్నవాళ్లకి, నూనె తేలే జిడ్డు మలం వస్తూ బరువు తగ్గేవాళ్లకి. వాళ్లకి పనికొచ్చేది 25,000 యూనిట్ల ప్యాంక్రియాటిక్ ఎంజైమ్ క్యాప్సూల్, భోజనంతో పాటు, డాక్టర్ చీటీతో. ఎంటెరోజెర్మినా లాంటి ప్రోబయోటిక్‌లు, అంటే పేగుకి మేలు చేసే క్రిములు, యాంటీబయాటిక్‌తో వచ్చిన విరేచనాలకి కొంత సాయపడవచ్చు, ఓఆర్‌ఎస్‌కి మాత్రం బదులు కావు. ఉబ్బరానికి ముందు చేయాల్సింది రెండు వారాలు పాలు, టీ, కాఫీ, పాలకోవా మానేసి చూడటం. దక్షిణాదిలో పాలు పడని పెద్దవాళ్లు చాలామంది, పెరుగు పడేవాళ్లకీ పాలు పడకపోవచ్చు.

కౌంటర్ దాటి వెళ్లాల్సిన గుర్తులు

అన్నింటికంటే ముందు, 40 దాటినవాళ్లకి, షుగర్, బీపీ, పొగ అలవాటు ఉన్నవాళ్లకి రొమ్ము కిందో పై పొట్టలోనో బరువు, చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి వస్తే ఈనో కలపొద్దు. 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించండి. గుండె కింది గోడకి వచ్చే పోటు సరిగ్గా గ్యాస్‌లాగే ఉంటుంది, వాంతి కూడా అవుతుంది. తేన్పు రాగానే తగ్గినట్టనిపించినా నమ్మొద్దు.

తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో మలం పోయినా, వాంతిలో రక్తమో కాఫీ పొడి లాంటిదో కనిపించినా అదే రోజు ఆసుపత్రికి. మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వాడే పెద్దవాళ్లలో పుండు నొప్పి లేకుండానే పెరిగి, నల్ల మలంతోనే బయటపడొచ్చు.

అంత అత్యవసరం కాకపోయినా రెండు వారాల్లోపు గ్యాస్ట్రో డాక్టర్‌ని చూడాల్సినవి: ముద్ద గొంతు దిగక ఆగడం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం (60 కిలోల మనిషి ఆరు నెలల్లో 3 కిలోలు తగ్గితే చాలు), కారణం తెలియని రక్తహీనత, 50 దాకా ఏమీ లేక కొత్తగా మొదలైన అజీర్తి, ఇంట్లో ఎవరికైనా కడుపు, పేగు క్యాన్సర్ ఉండటం, రాత్రి నిద్ర లేపే విరేచనాలు. సాయంకాలం జ్వరం, పొట్ట నొప్పి, బరువు తగ్గడం కలిస్తే మన దేశంలో పేగు టీబీని తప్పక ఆలోచించాలి. కామెర్లు కనిపిస్తే పసరు మందుల వెంట తిరక్కండి. మలంలో ఎర్ర రక్తాన్ని 45 దాటినవాళ్లు "మొలలే" అని తేల్చుకోకూడదు. మొలలు ఉన్నవాళ్లకీ క్యాన్సర్ రావచ్చు, పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపే కొలనోస్కోపీ చేసి చూస్తేనే తెలుస్తుంది.

కొవ్వు తిన్న గంటకి కుడి డొక్కలో లేచి కుడి భుజానికి పాకే నొప్పి పిత్తాశయంలో రాళ్లది కావచ్చు, దానికి ఎండోస్కోపీ (నోటి నుంచి కడుపులోకి కెమెరా గొట్టం పంపే పరీక్ష) కంటే ముందు అల్ట్రాసౌండ్. 8 వారాలు సరైన వేళకి పాన్ 40 వేసినా తగ్గని మంటకి మోతాదు పెంచుకోవడం కాదు, పరీక్ష కావాలి. వారానికోసారైనా నొప్పి, మోషన్‌కి వెళ్తే తేడా రావడం, మూడు నెలలుగా ఇదే తీరు, పై గుర్తులేవీ లేకపోవడం, ఇది ఐబీఎస్ (పేగుకి గాయం ఏమీ లేకున్నా దాని పనితీరు గాడి తప్పే సమస్య) అయ్యే అవకాశం ఎక్కువ. దానికి ఏటా స్కాన్‌లు అక్కర్లేదు, ఒక్క డాక్టర్ దగ్గర నిలకడగా చూపించుకోవడం కావాలి.

ముందు జనరల్ ఫిజీషియన్, ఆయన పంపితే డీఎం చేసిన మెడికల్ గ్యాస్ట్రో, ఆపరేషన్ అవసరమైతే ఎంసీహెచ్ చేసిన సర్జికల్ గ్యాస్ట్రో. కార్పొరేట్ ఖర్చు భరించలేనివాళ్లకి హైదరాబాద్‌లో ఉస్మానియా, నిమ్స్, విశాఖలో కేజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ విభాగాలున్నాయి.

పుండుకి మూలమైన హెచ్ పైలోరీ క్రిమికి శ్వాస పరీక్షో మలం పరీక్షో రాస్తే అంతకు ముందు రెండు వారాలు పాన్ 40 రకం మాత్రలు, నాలుగు వారాలు యాంటీబయాటిక్‌లు ఆపి ఉండాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేదని వస్తుంది. అందుకే ఏ మాత్ర ఎప్పటి నుంచి వాడుతున్నారో తేదీలతో రాసుకెళ్లండి, అడక్కపోయినా నొప్పి మాత్రలు, రక్తం పల్చబరిచే మందులు, చూర్ణాల సంగతి కూడా చెప్పండి. ఎండోస్కోపీకి 6 నుంచి 8 గంటలు ఏమీ తినకూడదు. పరీక్ష పదిహేను నిమిషాల లోపే, మత్తు ఇస్తే ఆ రోజు బండి నడపకుండా తోడు ఒకరిని తీసుకెళ్లాలి. మాత్రల పేర్లు గుర్తులేకపోతే ఖాళీ స్ట్రిప్పులే ఓ కవర్లో వేసి పట్టుకెళ్లినా చాలు.